ఆపే చెయ్యి

మా ఊరి స్టేషన్లో రైలు తనంతట తాను ఆగదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి చాపాలి. డ్రైవరు చూడాలి. చూస్తే ఆపుతాడు. మనం చాపకపోయినా, ఆయన చూడకపోయినా, రెండు పెట్టెల ఆ చిన్న రైలు గొర్రెల దొడ్డి పక్కనుంచి ముఖం తిప్పుకుని వెళ్ళిపోతుంది.

అలాగని అందరూ చాపకూడదు. మా నాంట్ ఐరిన్‌లో అది మర్యాద కాదు. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళలో ఎవరు పెద్దయితే వాళ్ళే చాపాలి. మిగతావాళ్ళు చేతులు జేబుల్లో పెట్టుకోవాలి. చిన్నప్పుడు ఒకసారి నేను ఉత్సాహం కొద్దీ చెయ్యి చాపితే మా నాయనమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. ఈ విషయంలో నాకు చెప్పిన పాఠం అంతే. ఆనీ, కైన్వెన్ అని ఒకే ఏడాది పుట్టిన ముసలమ్మలిద్దరు "నువ్వే పెద్ద", "కాదమ్మా, నువ్వే పెద్ద" అని వాదులాడుకుంటూ రైలు పోగొట్టుకున్న సంగతి మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

అప్పటిదాకా ఊరందరిలోకీ పెద్దయిన ముసలి ఎమ్రిస్ పోయాక ఆ చెయ్యి మా నాన్నదయింది. మా నాన్న ఇద్వాల్ పలకరాయి గనిలో పనిచేశాడు. గని ఆయన కుడిచేతి చిటికెన వేలు తీసుకుంది, ఊపిరితిత్తుల నిండా రాతిపొడి ఇచ్చింది. ఆ నాలుగు వేళ్ళ చేతిని ఆయన భుజం ఎత్తు దాకా మెల్లగా లేపి, అరచెయ్యి నేలవైపు ఉంచి, రైలు పూర్తిగా ఆగేదాకా కదలకుండా పట్టుకునేవాడు. ఆయన పక్కన నిలబడితే నాకు కొంచెం గర్వంగా ఉండేది.

ఆ వసంతం ఆ చేతికి ఏం జరిగిందో చెప్పాలి. 

మార్చిలో ఒక సాయంత్రం ప్రార్థనా మందిరం వెనక హాల్లో రోద్రి మీటింగు పెట్టాడు. రోద్రి మా ఊరివాడే. వాళ్ళ తాత ఆ మందిరానికి పాదిరి. రాజధాని కార్డిఫ్ వెళ్ళి, టీవీ కంపెనీలో షూటింగు స్థలాలు చూసిపెట్టే ఉద్యోగంలో చేరి, ఒక హత్యల సీరియల్ని మా లోయకి పట్టుకొచ్చాడు. అందులో మా ఊరి పేరు పాంట్ డీ, అంటే నల్ల పల్లం. ఆ ఊళ్ళో ఎప్పుడూ వానే. ఎవరూ నవ్వరు. వారానికో శవం తేలుతుంది. మొదటి భాగాన్ని దేశదేశాల్లో చూశారట. సరిగ్గా అది టీవీలో వచ్చిన చలికాలంలోనే, ఎక్కే జనం లేరని మా బస్సు తీసేశారు.

"నేను ఎక్కేవాణ్ణి కదా. నన్ను జనంలో కలపలేదు కాబోలు" అన్నాడు నాన్న అప్పట్లో.

రోద్రి నాజూకైన వానకోటు వేసుకుని, చేతిలో టీ కప్పు పట్టుకుని, తాతగారి గొంతుతోనే మాట్లాడాడు. "రెండో భాగం మొత్తం ఇక్కడే తీస్తాం. మీ ఇళ్ళు కావాలి, మీ దొడ్లు కావాలి, మీ ముఖాలు కావాలి. పెద్ద డబ్బు రాదు. మీ దగ్గర నేను అబద్ధం చెప్పను. కానీ ఒక్క మాట ఇస్తున్నాను. ఇది టీవీలో వచ్చేసరికి మన స్టేషన్లో రైలు చెయ్యి చాపకుండానే ఆగుతుంది. రైలు కంపెనీతో కూర్చుని మాట్లాడి వచ్చాను."

"చెయ్యి చాపకుండా ఆగితే నా ఉద్యోగం ఊడినట్టే కదరా అబ్బాయ్" అన్నాడు నాన్న.

అందరూ నవ్వారు. "మీకు పింఛను నేనిప్పిస్తాలే మావయ్యా" అన్నాడు రోద్రి.

దుకాణం నడిపే మైనిర్ లేచి, ఊరికి మంచిరోజులు వస్తుంటే వద్దనేవాడు ఎవడని అడిగింది. ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తమన్నారు. ఆ సాయంత్రం పెద్దా చిన్నా అని చూసుకోకుండా అందరం ఎత్తాం. నేనూ ఎత్తాను. నేనెత్తింది సీరియల్ కోసం కాదు, శుక్రవారం కోసం.

ప్రతి శుక్రవారం నాన్న పట్నం ఆస్పత్రికి వెళ్ళాలి. ఊపిరి ఎలా పీల్చాలో, ఎలా దాచుకోవాలో అక్కడ నేర్పిస్తారు. ఆ వసంతంలోనే ఆయనకి ఒక పరీక్ష చెయ్యాలి. అందులో తేలితే ఇంట్లో పెట్టుకునే ఆక్సిజన్ యంత్రం ఇస్తారు. రెండుసార్లు రాకపోతే పేరు తీసేస్తారు. వరస మళ్ళీ మొదటినుంచి. దగ్గు తెరలో స్పృహ తప్పుతున్నాడని నాన్న లైసెన్సు తీసేసుకున్నారు. అమ్మకి కారు నడపడం రాదు. నేను అవతలి లోయలో స్కూలు టీచర్ని. ఇంట్లో ఉన్న ఒక్క కారూ పొద్దున్నే నాతో వచ్చేస్తుంది. ఇక మిగిలింది రైలు. రైలుకి మిగిలింది ఆ చెయ్యి.

*

షూటింగువాళ్ళకంటే ముందు అభిమానులు దిగారు.

మొదటి భాగంలో ఒక అమ్మాయి శవం మా వాగులో దొరుకుతుంది. లేని అమ్మాయి. అయినా వాగు ఒడ్డున పూలగుత్తులు పెట్టడం మొదలుపెట్టారు. ప్లాస్టిక్ కాయితాల్లో చుట్టిన గులాబీలు, రిబ్బన్లు, బొమ్మ ఎలుగుబంట్లు. అక్కడికి పది అడుగుల్లో గనిలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెక్కిన రాయి ఉంది. మా తాత పేరు పైనుంచి మూడోది. వాగు దగ్గర ఏడ్చినవాళ్ళు బూట్ల బురద తుడుచుకోవడానికి ఆ రాయి అంచు వాడుకున్నారు. మందిరం గోడ వెనక ఏం చేసి వెళ్ళేవారో రాయను. ఆదివారం ప్రార్థనకి వచ్చినవాళ్ళం ముక్కుకి చేతిగుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం.

వాన తడికి పూలు కుళ్ళాయి. మా గొర్రె ఒకటి, ఈనడానికి సిద్ధంగా ఉన్నది, పూలతోపాటు రిబ్బను కూడా మింగింది. అమ్మ వాగు దగ్గర దాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, నోట్లో చెయ్యి పెట్టి రిబ్బను లాగుతోంది. మూరెడు వచ్చింది, ఇంకా వస్తోంది. ఎర్ర కోటు వేసుకున్న ఒకావిడ ఫోను పట్టుకుని దగ్గరికొచ్చింది.

"అయ్యో, ఇది కూడా సీరియల్లోదేనా?" అంది.

అమ్మ తలెత్తలేదు. "అవునమ్మా. వచ్చే వారం చస్తుంది. తప్పకుండా చూడు" అంది.

వచ్చే వారం దాకా కూడా ఆగలేదు. ఆ రాత్రే పోయింది, కడుపులో పిల్లతో సహా. మర్నాడు మైనిర్ దుకాణం కిటికీలో 'పాంట్ డీ శవం రొట్టె' అని బోర్డు కనిపించింది. మామూలు ఎండుద్రాక్షల రొట్టే. పైన మనిషి ఆకారంలో పంచదార ముద్ద.

"మైనిరత్తా, సిగ్గులేదూ?" అన్నాను.

"సిగ్గుతో కరెంటు బిల్లు కట్టనిస్తారా హెలెద్? నువ్వు డిగ్రీ చదివినదానివి, నువ్వే చెప్పు" అంది మైనిర్, రొట్టె కోస్తూ.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. ఊళ్ళో అందరూ ఆ మాట ఏదో ఒక సందులో దూర్చేవారు. 

*

స్టేషన్లో షూటింగు ఏప్రిల్లో, ఈస్టర్ సెలవుల్లో పెట్టారు. శుక్రవారమే. నాంట్ ఐరిన్ అన్న మా బోర్డు మీద పాంట్ డీ అన్న బోర్డు బిగించారు. కొత్త బోర్డుకి తుప్పు రంగు వేశారు. గోడకి నాచు అంటించారు. రైలు కోసం కూర్చునే చిన్న గదికి, మా అమ్మ ఏడాదికోసారి సున్నం కొట్టేదానికి, బూడిద రంగు పులిమి, కిటికీ అద్దం పగలగొట్టి, పగిలిన అద్దం వంకర నచ్చక ఇంకో అద్దం తెచ్చి అదీ పగలగొట్టారు.

రోద్రి నాన్న భుజం మీద చెయ్యివేశాడు. "మావయ్యా, పని చాలా తేలిక. మీరంతా ఊరికే నిలబడతారు. రైలు వస్తుంది, వెళ్ళిపోతుంది. ముందు మన డిటెక్టివు నిలబడి ఒక మాట అంటాడు. అంతే."

"వెళ్ళిపోతుందా? నేను ఆస్పత్రికి పోవాలిరా ఇవాళ."

"తెలుసు. ఆ తర్వాతి రైల్లో పంపిస్తాను. పూచీ నాది. ఒక్క రైలు, అంతే."

"మరి చెయ్యి?"

"జేబులో పెట్టుకోండి. అదే సీను. ఎవ్వరూ చెయ్యెత్తకూడదు. ఆశ వదులుకున్న ఊరు అన్నమాట."

నాన్న నవ్వాడు. "ఆశ వదులుకున్నవాడు స్టేషన్‌కి ఎందుకొస్తాడ్రా?"

రోద్రి కూడా నవ్వి, దర్శకుడి దగ్గరికి పరుగెత్తాడు. 

ఎనిమిదిమందిమి నిలబడ్డాం. మాకు పాత కోట్లు ఇచ్చారు. మా సొంత కోట్లు చాలినంత పాతగా లేవట. మలుపులో రైలు కనిపించింది. డిటెక్టివు వేషగాడు కెమెరా వైపు తిరిగి బరువుగా అన్నాడు: "ఈ ఊళ్ళో రైలు ఎవరికోసమూ ఆగదు."

అయితే రైలు నడుపుతున్నది ఎల్విన్. ఇరవై ఏళ్ళుగా మా లైన్లో ఉన్నాడు. ప్లాట్‌ఫారం మీద ఎనిమిదిమంది ఉన్నారు, ఇద్వాల్ ఉన్నాడు, చెయ్యి లేవలేదు. ఏదో జరిగిందనుకున్నాడు పాపం. వేగం తగ్గించాడు, ఇంకా తగ్గించాడు, నడక వేగానికి తెచ్చాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇద్వాల్! ఏమైందయ్యా, చెయ్యి పడిపోయిందా?" అని అరిచాడు.

దర్శకుడు చెవులకి పెట్టుకున్నవి తీసి నేలకేసి కొట్టాడు. ఆయన అన్నవి మా ఊరి మందిరంలో ఏ గొంతుతోనూ చెప్పకూడని మాటలు. నాన్న చెయ్యి జేబులో కదలడం నేను చూశాను. ఎల్విన్ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. రైలు వెళ్ళిపోయింది.

రోద్రి ఫోను చెవిలో పెట్టుకుని ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి బోర్డు స్తంభానికి ఒక నారింజరంగు జెండా కట్టాడు. "ఇక గొడవలేదు. ఈ జెండా ఉంటే షూటింగు ఉన్నట్టు. ప్లాట్‌ఫారం మీద ఎవరు నిలబడినా, ఎవరు ఏం చేసినా, రైలు ఆపొద్దని డ్రైవర్లందరికీ చెప్పించాను."

తర్వాతి రైలు ఆగలేదు. గాలి కొట్టి వెళ్ళిపోయింది. దర్శకుడు బొటనవేలు ఎత్తాడు. నాన్న వేసుకున్న కోటు విప్పబోయాడు.

"ఆగండాగండి మావయ్యా. ఇది మన భాషలో అయింది. ఇంగ్లీషులో ఇంకా కాలేదు."

"అంటే?"

"అన్ని సీన్లూ రెండుసార్లు తీస్తాం. మన ఛానెల్‌కి మన భాషలో, బయటివాళ్ళకి ఇంగ్లీషులో. వాడు ఆ మాట ఇంగ్లీషులో అనాలి కదా. దానికి ఇంకో రైలు కావాలి."

"ఆ మాట ఇప్పుడు అనేయమను. రైలుదేముందిరా, దానికి ఇంగ్లీషొచ్చా?" అన్నాడు నాన్న. ఎవరో కిసుక్కుమన్నారు. నాకు నవ్వు రాలేదు.

"నాన్నా, పద, కారులో తీసుకెళ్తాను" అన్నాను.

"రోడ్డు మూసేశాం హెలెద్. వంతెన మీద లైట్లు పెట్టారు. సాయంత్రం దాకా తెరవరు" అన్నాడు రోద్రి, నాకు సూపు గిన్నె అందిస్తూ.

నాన్న నావైపు చూశాడు. "మాటిచ్చాం కదమ్మా. ఒక్కసారికి ఫరవాలేదులే. వచ్చే శుక్రవారం పోతాను" అన్నాడు. మళ్ళీ కోటు గుండీలు పెట్టుకుని, మళ్ళీ తన చోట నిలబడి, ఆ నాలుగు వేళ్ళ చేతిని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. రైలు వచ్చింది. ఈ ఊళ్ళో రైలు ఎవరికోసమూ ఆగదని వేషగాడు ఇంగ్లీషులో అన్నాడు. ఇంగ్లీషులో ఇంకా బాగా అన్నాడని అందరూ చెప్పుకున్నారు.

తర్వాతి వారాలు నాన్న మామూలుగానే వెళ్ళొచ్చాడు. చివరికి ఆ పరీక్ష మే నెలాఖరులో పెట్టారు.

*

ఆ రోజు స్కూలుకి సెలవు. నాన్నని నేనే కారులో దింపుదామనుకున్నాను. వంతెన దగ్గర పోలీసు కారు అడ్డంగా ఉంది. పసుపు పట్టీలు కట్టి ఉన్నాయి. పోలీసు దుస్తుల్లో ఉన్న కుర్రాడు ఒకడు కారుకి ఆనుకుని శాండ్‌విచ్ తింటున్నాడు.

"జరుపు బాబూ. ఆస్పత్రికి పోవాలి."

"నేను జరపలేనండీ. నిజం పోలీసుని కాను" అన్నాడు. నిజాయితీగానే అన్నాడు. "ఈ కారుకి ఇంజను కూడా లేదు."

ఇంజను లేని దొంగ పోలీసు కారు నిజం రోడ్డు మీద నిలబడితే మా ఊళ్ళో ఎవరూ దాటలేదు. నేనూ దాటలేదు. కారు వెనక్కి తిప్పి ఇంటి దగ్గర పెట్టి, దొడ్డి పక్క కాలిబాటన స్టేషన్‌కి నడిచాం. అమ్మ కూడా రొట్టె మూటకట్టుకుని మాతో వచ్చింది.

ప్లాట్‌ఫారం మీద కెమెరాలు లేవు, మనుషులు లేరు. పాంట్ డీ బోర్డు ఉంది. దాని స్తంభానికి నారింజరంగు జెండా ఉంది. ముందురోజు అక్కడ ఏదో తీశారు. తియ్యడం అయ్యాక సామాను వంతెన దగ్గరికి తరలించారు. జెండా మరిచిపోయారు.

"అది విప్పేద్దామా?" అన్నాను.

"మనది కాదమ్మా అది. వాళ్ళ వస్తువులు ముట్టుకోవద్దని చెప్పారుగా. ఏ లెక్కన ఎక్కడ పెట్టుకున్నారో" అన్నాడు నాన్న. ఇతరుల గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచి, మూసి ఉంటే మూసే ఉంచి వెళ్ళే మనిషి ఆయన. మా ఊరంతా అంతే. "కెమెరాలు లేవని ఎల్విన్‌కి కనబడదా ఏం?"

ఆరోజు ఎల్విన్ లేడు. సెలవు పెట్టి కూతురి దగ్గరికి వెళ్ళాడని మాకు తెలియదు.

మలుపులో రైలు కనిపించింది. నాన్న నిటారుగా నిలబడ్డాడు. అందుకోసం రెండుసార్లు ఊపిరి కూడదీసుకున్నాడు. చెయ్యి లేపాడు. అమ్మా నేనూ చేతులు జేబుల్లో పెట్టుకున్నాం.

అలవాటు ఎంత గట్టిదో చూడండి. రైలు వేగం తగ్గలేదని నాకు తెలుస్తూనే ఉంది. జెండాని డ్రైవరు చూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. కొత్త ముఖం. కుర్రవాడు. నాన్న వైపు చూసి మెచ్చుకున్నట్టు తల ఊపాడు, బాగా చేస్తున్నావు తాతా అన్నట్టు. అప్పటికీ నా చేతులు జేబుల్లోంచి రాలేదు. చెయ్యి చాపవలసిన మనిషి చాపి ఉన్నాడు కదా.

రైలు మా ముందునుంచే వెళ్ళింది. కిటికీల నిండా జనం, ఊరు చూడటానికి వచ్చి తర్వాతి స్టేషన్లో దిగి వెనక్కి నడిచొచ్చేవాళ్ళు. నాన్న చెయ్యి చూశారు. సంతోషంగా, ఒకరిని చూసి ఒకరు, అందరూ తిరిగి చేతులు ఊపారు. ఒక పాప అద్దానికి ముక్కు ఆనించి మరీ ఊపింది.

రైలు పోయింది. నాన్న చెయ్యి ఇంకా అలాగే ఉంది. అమ్మ వెళ్ళి, ఉతికిన బట్ట తీగ మీంచి తీసినట్టు, ఆ చేతిని దించింది.

"పద ఇంటికి. టీ పెడతాను" అంది.

 దారిలో నాన్న దొడ్డి గోడకి ఆనుకుని నాలుగుసార్లు ఆగాడు.

*

ఆస్పత్రికి ఫోను చేశాను. నా డిగ్రీ ఆ మధ్యాహ్నం ఫోనులో ఆగకుండా మోగే సంగీతం వినడానికి పనికొచ్చింది. చివరికి ఒకావిడ పలికింది.

"రెండుసార్లు రాలేదండీ. ఏప్రిల్లో ఒకటి, ఇవాళ ఒకటి. పేరు పోయింది. మళ్ళీ మీ డాక్టరు పంపిస్తే వరసలో చివర చేరుస్తాం."

"రాకపోవడం కాదండీ. వచ్చాం. రైలు ఆపలేదు. షూటింగు జెండా ఉందని—"

"ఒక్క నిమిషం. మీది పాంట్ డీయా?" ఆవిడ గొంతు మారిపోయింది. "అయ్యో, నిజంగా అక్కడే ఉంటారా? మా ఆయనకి ఆ సీరియల్ అంటే ప్రాణం! హంతకుడెవరో మీకు తెలిసిపోయి ఉంటుంది, అవునా?"

నేను ఫోను పెట్టేసి, పెరట్లోకి వెళ్ళి, గోడ దగ్గర వాంతి చేసుకున్నాను. అక్కడ వరసగా ప్లాస్టిక్ కాయితం, కుళ్ళిన గులాబీలు. ఎవరో మా గోడ కూడా వాగులో భాగమనుకున్నారు.

రోద్రి రెండు రోజుల తర్వాత పళ్ళబుట్ట పట్టుకుని వచ్చాడు. నాన్న కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నాడు. అమ్మ ఆ బుట్టని గుమ్మం బయటే పెట్టించింది.

"జెండా ఎందుకు తియ్యలేదు?" అన్నాను.

"అది నా విభాగం కాదు హెలెద్. సామాను చూసేవాళ్ళు వేరే. నేను గట్టిగా చెప్పాను వాళ్ళకి, నిజంగా."

"మా నాన్న పేరు తీసేశారు."

"చాలా బాధగా ఉంది. నీమీదొట్టు." గుండె మీద చెయ్యి పెట్టుకుని, కాస్త ఆగి, గొంతు మార్చాడు. బాధకి ఒకటి, సంతోషానికి ఒకటి, అతను కూడా రెండేసి సార్లు తీసే అలవాటుకి వచ్చేశాడు. "కానీ మంచి వార్త కూడా ఉంది. అది చెబుదామనే వచ్చాను. రైలు ఖాయమైంది. జూలై నుంచి శని, ఆదివారాలు పాంట్ డీ ప్రత్యేక రైలు. పట్నం నుంచి ఇక్కడికి. చెయ్యి అక్కర్లేదు, ఆగే తీరుతుంది. టీ, కేకు టిక్కెట్టులోనే."

"మామూలు రైళ్ళు?"

కిటికీలోంచి బయటికి చూశాడు. "వాటికి... ఈ వసంతంలో ఇక్కడ చెయ్యెత్తినవాళ్ళు దాదాపు లేరట. రైలు కంపెనీవాళ్ళు లెక్కేసుకున్నారు. వాటిని ఇక్కడ ఆపడం మానేస్తారు. ప్రత్యేక రైలుకి దారి కావాలి కదా."

"చెయ్యెత్తొద్దన్నది నువ్వు."

"మావయ్యకి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను హెలెద్. చెయ్యి చాపకుండా ఆగుతుందన్నాను. ఆగుతోంది."

నాన్న కళ్ళు తెరవకుండానే అన్నాడు. "అవునమ్మా. వాడు అన్నది వాడు చేశాడు. ఇక పొమ్మను."

రోద్రి వెళ్ళాక అమ్మ ఆ పళ్ళని గొర్రెల తొట్టిలో పోసింది. రిబ్బను మాత్రం ముందే విప్పేసింది.

*

జూన్లో నాన్న పట్నంలో ఉన్న మా మేనత్త ఇంటికి వెళ్ళిపోయాడు, ఆస్పత్రికి నడిచిపోయేంత దూరంలో ఒక చిన్న గదిలోకి. గనికి వెళ్ళినా, ఆస్పత్రికి వెళ్ళినా, ఏ రాత్రికారాత్రి ఇల్లు చేరిన మనిషి. అమ్మా నేనూ ఇంట్లో మిగిలాం. సామాను కారులో పెడుతుంటే "వరసలో చివర ఉన్నవాడు కిటికీ దగ్గర ఉండాలి తల్లీ, పిలిస్తే వినపడాలి" అన్నాడు.

శనివారాలు ఇంటికి వచ్చేవాడు. ప్రత్యేక రైల్లో, తన సొంత ఊరికి, సందర్శకుల టిక్కెట్టుతో. కాయితపు పళ్ళెంలో కేకు ముక్క పట్టుకుని దిగేవాడు. అది కుక్క ముందు పెట్టేవాడు. మా మోస్ చచ్చిన కాకిని కూడా వదలదు. ఆ కేకుని వాసన చూసి వెళ్ళిపోయేది.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం. ఆ ఏటికి ప్రత్యేక రైలు అదే చివరిది. మళ్ళీ వసంతం దాకా మా స్టేషన్లో ఏ రైలూ ఆగదు. నాన్నని సాగనంపడానికి అమ్మ, నేను, ఆనీ, కైన్వెన్ వచ్చాం. ప్లాట్‌ఫారం నిండా సందర్శకులు, చేతుల్లో శవం రొట్టెల సంచులు. పాంట్ డీ బోర్డు ఎవరూ తియ్యలేదు. రైల్లో మైకు కూడా ఇప్పుడు ఆ పేరే చెబుతుంది.

మలుపులో రైలు కనిపించింది. ఆగే రైలే. నాన్న ఊపిరి కూడదీసుకున్నాడు. ముక్కుకి సన్నటి ఆక్సిజన్ గొట్టం ఉంది, చివరికి ఆగస్టులో ఇచ్చారు. సంచీ నా చేతికిచ్చి నిటారుగా నిలబడి, ఆ నాలుగు వేళ్ళ చేతిని భుజం ఎత్తు దాకా మెల్లగా లేపాడు.

అమ్మ చేతులు జేబుల్లోకి వెళ్ళాయి. నావీ వెళ్ళాయి. ఆనీ, కైన్వెన్ ఒకరినొకరు చూసుకుని వాళ్ళ చేతులూ దాచుకున్నారు.

రైలు ఆగింది.

వెనక చప్పట్లు మోగాయి. ఎవరో ఈల కూడా వేశారు. నీలం టోపీ పెట్టుకున్న ఒకావిడ తోసుకుంటూ ముందుకొచ్చింది. "ఎంత బాగా చేశారండీ! ఇంకొక్కసారి చేస్తారా, ప్లీజ్? నేను వీడియో నొక్కలేదు."

నాన్న నా చేతిలోంచి సంచీ తీసుకున్నాడు. ఆవిడ వైపు కాకుండా నావైపు తిరిగి, మా భాషలోనే అన్నాడు.

"మన భాషలో నేను చేసేశాను తల్లీ. ఇంగ్లీషులో కావాలంటే వాళ్ళనే చాపుకోమను."

ఎక్కి కూర్చున్నాడు. ఆవిడకి ఆయన ఏమన్నాడో అర్థం కాలేదు. అయినా నవ్వి, ఫోను మొగుడి చేతికిచ్చి, టోపీ సర్దుకుని, ఆగి ఉన్న రైలు ముందు నిలబడి చెయ్యి చాపింది.